బాణం గుర్తుకు మూడు అర్థాలు

ఇంజనీరింగు రెండో ఏడాదిలో విజయవాడ ఏలూరు రోడ్డులో కొన్న కోర్మెన్ పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. దాని అసలు పేరు ‘ఇంట్రడక్షన్ టు ఆల్గారిథమ్స్’, కంప్యూటరుతో లెక్కలు అంచెలంచెలుగా చేయించే పద్ధతుల పాఠ్యపుస్తకం. 1990లో మొదటి కూర్పును కోర్మెన్, లైసర్సన్, రివెస్ట్ ముగ్గురూ కలిసి రాశారు. 2001లో వచ్చిన రెండో కూర్పులో స్టైన్ చేరారు. నాది ఆ రెండో కూర్పే. మా తరగతిలో దాన్ని అందరూ కోర్మెన్ అనే పిలిచేవాళ్లం. పరీక్షకు వచ్చే అధ్యాయాల అంచులు నలిగి నల్లబడ్డాయి, మిగతా కాగితాలు ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి.

గత సంక్రాంతి తరువాత రస్ట్ అనే ప్రోగ్రామింగు భాష నేర్చుకోవాలని కూర్చున్నాను. పద్దెనిమిదేళ్లుగా నా పని జావా అనే మరో భాషలోనే. మొదటి రెండు వారాలు నెట్‌లో పాఠాలు చదివాను. చదువుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది, ఖాళీ ఫైలు తెరిస్తే చేయి కదిలేది కాదు. పాఠం రాసినవారు తమ భాష ఎక్కడ హాయిగా నడుస్తుందో ఆ దారిలోనే మనల్ని తీసుకెళతారు. నాకు అది ఎక్కడ అడ్డం తిరుగుతుందో తెలియాలి. అందుకే ఒక రోజు తెల్లవారుజామున ఐదింటికి, టిఫిను డబ్బాల హడావుడి మొదలవక ముందు, భోజనాల బల్ల మీద కోర్మెన్ తెరిచి రెండో అధ్యాయం నుంచి వరుసగా చేయడం మొదలుపెట్టాను. ఈ లెక్కలు నాకు తెలిసినవే. కాబట్టి ఎక్కడ ఆగిపోయినా ఆ ఆపుతున్నది భాషే అని గట్టిగా చెప్పగలను. రెండూ తెలియనివైతే తప్పు ఎటువైపు ఉందో తేలదు.

మొదటి లెక్క ఇన్సర్షన్ సార్ట్, అంటే ఒక్కో అంకెనూ తీసి, ముందే సర్దిన వాటి మధ్య దాని చోట దించుతూ వరుసలో పెట్టడం. పుస్తకంలో బొమ్మగా ఇచ్చిన ఆరు అంకెలే తీసుకున్నాను: 5, 2, 4, 6, 1, 3. పుస్తకం అర్రేను (విలువలు వరుసగా ఉండే గళ్ల పట్టీని) 1 నుంచి లెక్కపెడుతుంది, రస్ట్ 0 నుంచి. దాంతో, పోల్చే స్థానాన్ని చెప్పే ఐ మీద ఉన్న ‘ఐ సున్నా కంటే పెద్దగా ఉన్నంతవరకు’ అన్న షరతును ‘సున్నా లేదా అంతకంటే పెద్దగా’ అని మార్చాను, జావాలో ఎన్నోసార్లు చేసినట్టే. కోడును తనిఖీ చేసి యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఆ పోలిక వల్ల ఉపయోగం లేదని హెచ్చరించింది. పట్టించుకోకుండా నడిపాను. రెండో అంకె దగ్గరే ప్రోగ్రాం ఆగిపోయింది, తీసివేతలో హద్దు దాటిందని.

కారణం చిన్నదే. రస్ట్‌లో అర్రే స్థానాన్ని చెప్పే సంఖ్యకు యూసైజ్ అనే రకం ఉంటుంది, అందులో రుణ సంఖ్యలకు చోటు లేదు. సున్నా లోంచి ఒకటి తీస్తే మైనస్ ఒకటి రాదు. కాబట్టి ‘సున్నా లేదా అంతకంటే పెద్ద’ అన్న షరతు ఎప్పటికీ నిజమే. ఇన్నేళ్లూ నేను రాసిన ఇన్సర్షన్ సార్ట్‌లో చివరి అడుగున ఐ విలువ మైనస్ ఒకటికి చేరి, అర్రే బయట ఒక క్షణం నిలబడి, మళ్లీ ఒకటి కలిపాక లోపలికి వచ్చేది. అది తప్పు కాదు. కానీ అలా బయటికి వెళ్లి వస్తోందని నేను ఒక్కసారి కూడా గమనించలేదు. కీ, అంటే చేతిలోకి తీసుకున్న అంకె, ఎక్కడ దిగాలో ఆ స్థానాన్నే పట్టుకుని, దాని ముందున్నదానితో పోల్చేలా తిరగరాశాను. ఇప్పుడు ఏ చరరాశీ అర్రే బయట అడుగు పెట్టదు. ఈ రూపమే నాకు ఎక్కువ నచ్చింది, జావాలో కూడా ఇప్పుడు ఇలాగే రాస్తున్నాను.

అంకెలు అయ్యాక పేర్లు పెట్టి చూద్దామనిపించింది. మా నాన్న ఒక శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు లైబ్రేరియన్‌గా పనిచేశారు. ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. తన సొంత పుస్తకాలు 386 ఉన్నాయి, వాటి జాబితా ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసిపెట్టుకున్నారు. ఆ పేర్లన్నీ టైపు చేసి అదే ప్రోగ్రాంకు ఇచ్చాను. ఈసారి అసలు కంపైలే కాలేదు.

ఆగిన చోటు, పుస్తకంలో ఒక చిన్న వాక్యం: కీ, ఎడమకు బాణం, ఎ ఆఫ్ జె. అంటే ఎ అనే అర్రేలో జె స్థానంలో ఉన్నదాన్ని కీకి ఇవ్వు. రెండో కూర్పులో విలువను ఇచ్చే గుర్తు బాణమే, మూడో కూర్పు నుంచి దాన్ని సమాన గుర్తుగా మార్చారు. అంకెలకైతే ఆ బాణానికి ఒకటే అర్థం, నకలు తీసుకోవడం. కానీ అక్షరాల వరుసను అలా చెప్పకుండా నకలు తీయడానికి రస్ట్ ఒప్పుకోదు. అలాగని అసలు దాన్నే అర్రే లోంచి లాగేసుకుంటే ఆ చోటు ఖాళీ అవుతుంది. ఖాళీగా ఉన్న చోటును అర్రేలో వదలడానికీ ఒప్పుకోదు. కంపైలర్ నన్ను అడిగింది ఒకటే: ఇది నకలా, ఇచ్చేయడమా, లేక చూసి తిరిగి ఇచ్చేందుకు అరువా? పుస్తకం తన నియమాల పేజీలో తన సమాధానం చెప్పింది కూడా. వస్తువుల విషయంలో బాణం వేస్తే రెండు పేర్లూ ఒకే వస్తువును చూపుతాయని అక్కడ ఉంది. జావా నియమమూ అదే, కాబట్టి నేను దాన్ని ఎన్నడూ ప్రశ్నగా చూడలేదు.

మన మాటల్లో ఈ తేడా ఎప్పటి నుంచో ఉంది. అప్పు తీసుకున్న డబ్బును వేరే నోట్లతో తీర్చవచ్చు. అరువు తెచ్చిన నగను మాత్రం ఆ నగగానే తిరిగి ఇవ్వాలి. ‘అరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత పుట్టింది ఈ రెండో రకం గురించే. రస్ట్ పాఠాల్లో ఈ అరువు గురించి పేజీల కొద్దీ చదివాను కానీ, నాకు అది కుదురుకున్నది నాన్నతో మాట్లాడాకే.

ఆ రోజు కాఫీ తాగుతూ, ఒకే వస్తువును ఒకేసారి చాలామంది చదవవచ్చు, కానీ ఎవరైనా మార్చేటప్పుడు మరెవరి దగ్గరా అది ఉండకూడదు అనే నియమం గురించి చెప్పాను. నాన్న వెంటనే అన్నారు: “అది బైండింగు నియమం కదమ్మా. చదువుకునే గదిలో పేపరు చుట్టూ పదిమంది నిలబడి చదివినా నాకేమీ ఇబ్బంది లేదు. పుస్తకాన్ని బైండింగుకు పంపే రోజున మాత్రం అది ఎవరి చేతిలోనూ ఉండకూడదు. ఎవరి దగ్గరున్నా ముందు తెప్పించి, రిజిస్టరులో జమ వేసుకుని, ఆ తరువాతే పంపాలి.”

కంపైలర్ చేసే పని సరిగ్గా అదే. బైండరు దగ్గర విప్పిన పుస్తకాన్ని ఎవరూ చదవలేరు. మార్పు సగంలో ఉన్న సమాచారాన్ని ఎవరూ చూడకూడదు. ఆ తరువాత కంపైలర్ ఎప్పుడు అడ్డుకున్నా, ఈ పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు జమ వేశారు అని అడుగుకునేదాన్ని. చాలాసార్లు జవాబు అక్కడే దొరికేది.

ఇన్సర్షన్ సార్ట్‌ను కోర్మెన్ చేతిలో పేకముక్కలు సర్దుకోవడంతో పోలుస్తుంది. నాన్న చేసింది కేటలాగు కార్డులతో, చెక్క సొరుగులో. కార్డును పైకి లాగితే ఆ చోటు ఖాళీ అవుతుంది, చేతికి ఆ స్వేచ్ఛ ఉంది. రస్ట్‌లో ఆ ఖాళీ కుదరదు కాబట్టి పక్కపక్క పేర్లను ఒకదానితో ఒకటి మార్చుకుంటూ వెనక్కి జరిపాను. జాబితా వరుసలోకి వచ్చింది. ప్రింటు తీసి నాన్నకు ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పెన్సిల్‌తో ఒక్కో పేరు దాటుతూ రెండో పేజీలో ఆగారు. “కవి ముందా కళ ముందా? కవి తరువాత కదా కళ రావాలి” అన్నారు. నా దగ్గర అప్పుడు జవాబు లేదు. చూస్తానని చెప్పి ముందుకు వెళ్లాను.

తరువాతి అధ్యాయాల్లో వరుసలో పెట్టే వేరే పద్ధతులు, మెర్జ్ సార్ట్, హీప్, క్విక్ సార్ట్, పెద్దగా ఆపలేదు. క్విక్ సార్ట్‌లో మాత్రం ఒక అర్రేనే రెండు ముక్కలుగా రెండు చేతులకు అరువివ్వాలంటే ఆ రెండూ ఎక్కడా కలవవని ముందు భాషకు చూపించాలి, దానికోసం సిద్ధంగా ఒక ఫంక్షన్ ఉంది. మూడు వారాల్లో ఇవన్నీ దాటి పదో అధ్యాయానికి వచ్చాను. లింక్డ్ లిస్టులు: ఒక్కో విలువా ఒక నోడులో ఉంటుంది, ప్రతి నోడూ తరువాతి నోడును ఒక లింకుతో పట్టుకుంటుంది.

10.2-7 లెక్క: ఒకవైపు లింకులున్న జాబితాను, రికర్షన్ లేకుండా (ఫంక్షన్ తనను తానే పిలుచుకోకుండా), అదనపు చోటు పెద్దగా వాడకుండా తిప్పి రాయాలి. రస్ట్‌లో నేను రాసిన వాటన్నిటిలో నాకు అత్యంత ప్రీతికరమైనది ఇదే. ‘టేక్’ అనే పద్ధతి ఉంది. అది ఒక చోట ఉన్నదాన్ని చేతికి ఇచ్చి, ఆ చోట ‘ఏమీ లేదు’ అన్న చీటీ పెడుతుంది. తల నుంచి నోడును తీసుకో, దాని తోకను మరో చేతిలోకి తీసుకో, ఇప్పటిదాకా తిప్పినదాన్ని దానికి తగిలించు. ప్రతి అడుగులో ప్రతి నోడుకూ ఒక్కరే యజమాని. ఏ నోడూ గాలిలో వేలాడదు. ఇదే లెక్కను కాలేజీలో సి భాషలో చేసినప్పుడు మూడు పాయింటర్ల (మెమరీ చిరునామాల) బొమ్మ గీసుకుని, గీతలు కొట్టేసుకుంటూ చేశాను. ఇప్పుడు బొమ్మ అవసరం పడలేదు.

ఆ సంతోషంలోనే రెండువైపులా లింకులున్న జాబితాకు వెళ్లాను. తొమ్మిది ఉదయాలు పోయాయి.

మధ్యలో ఉన్న ప్రతి నోడునూ ఇద్దరు పట్టుకుంటారు, ముందున్నది, వెనకున్నది. యజమాని ఎవరు? జావా ఈ ప్రశ్న అడగదు, ఎవరికీ అక్కరలేని నోడును తరువాత ఎప్పుడో చెత్త ఏరేవాడు వచ్చి తీసుకెళతాడు. రస్ట్‌లో ఆ మనిషి లేడు. ఉమ్మడి యాజమాన్యానికి వేరే పెట్టెలున్నాయి, అవీ వాడి చూశాను. కంపైల్ అయింది, నడుస్తుండగా ‘ఇది ఇప్పటికే అరువులో ఉంది’ అని ఆగింది. అది సరిచేశాక రెండు నోడ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఎన్నటికీ విడుదల కాని వలయం మిగిలింది. ఒకవైపు లింకును బలహీనమైనదిగా మార్చాలి. మార్చాను, పనిచేసింది. కానీ ఆ కోడును మళ్లీ చదివితే జాబితా కనిపించడం లేదు, పెట్టెలే కనిపిస్తున్నాయి. అక్కడ నాకు నిజంగా నిరుత్సాహం కలిగింది.

పదో రోజు ఆ అధ్యాయాన్ని వదిలేద్దామని కాగితం తిప్పాను. 10.3, పాయింటర్లు లేని భాషల్లో పాయింటర్లనూ వస్తువులనూ ఎలా నిర్మించాలి అన్న భాగం. మా సిలబస్‌లో అది లేదు. ఇరవై ఏళ్లుగా ఆ పేజీలు అంటుకునే ఉన్నాయి, వేలితో విడదీయాల్సి వచ్చింది. అందులో ఉన్నది ఇది: నోడ్లన్నీ ఒక అర్రేలో వరుసగా పెట్టు. ముందు, వెనక అనేవి పాయింటర్లు కావు, ఆ అర్రేలో స్థానాల సంఖ్యలు. ఖాళీ అయిన స్థానాలను ఇంకో జాబితాగా కట్టుకో, కొత్త నోడు కావాలంటే అందులోంచి తీసుకో.

నాకు కావలసింది అదే. యజమాని ఒక్కరే, ఆ అర్రే. నోడ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు, ఒకదాని నంబరును ఒకటి గుర్తుపెట్టుకుంటాయి, అంతే. పాయింటర్లు లేని పాత భాషల కోసం రాసిన ఉపాయం, 2015లో మొదటి పూర్తి విడుదల వచ్చిన ఒక భాషలో చక్కగా ఇమిడిపోయింది. గంటన్నరలో జాబితా అంతా రాశాను. వెనక్కి వెళ్లి, దాటవేసిన 10.2-8 కూడా చేశాను. ప్రతి నోడులో రెండు లింకులకు బదులు ఒక్కటే ఉంచి, అందులో ముందు, వెనక నంబర్లను ఎక్స్ఆర్ చేసి, అంటే ఒకటి తెలిస్తే రెండోది తిరిగి వచ్చేలా కలిపి, దాచాలి. పాయింటర్లను పూర్ణసంఖ్యలుగా చూడవచ్చని అనుకోండి అంటుంది ఆ లెక్క. నా దగ్గర అవి నిజంగానే పూర్ణసంఖ్యలు. సున్నా స్థానాన్ని ‘ఏమీ లేదు’కు కేటాయించాను. తల, తోక మార్చుకుంటే చాలు, ఎంత పెద్ద జాబితా అయినా ఒక్క అడుగులో తిరగబడుతుంది.

అయితే ఈ దారికి ఒక మూల్యం ఉంది. దాన్ని చూపించింది కూడా ఆ పుస్తకమే. విడుదలైన స్థానాల జాబితా దొంతరలా పనిచేస్తుంది, చివర విడిచిన చోటే మొదట మళ్లీ వాడకంలోకి వస్తుంది. ఒక నోడు నంబరు దాచుకున్నాను, ఆ నోడును తొలగించాను, కొత్తది చేర్చాను. దాచుకున్న నంబరుతో చదివితే కొత్త నోడు విలువ వచ్చింది. కంపైలర్ ఏమీ అనలేదు. అనదు కూడా, ఎందుకంటే దాని దృష్టిలో అది ఒక మామూలు సంఖ్య. 10.3-5లో జాబితాను అర్రే మొదటి స్థానాల్లోకి కుదించమంటారు. అది చేశాక బయట దాచుకున్న నంబర్లలో చాలా భాగం తప్పయ్యాయి. సి భాషలో పాయింటర్లతో పడిన బాధే ఇది, సంఖ్య రూపంలో తిరిగి వచ్చింది. ఇండెక్సులు (స్థానాల సంఖ్యలు) వాడితే అంతా భద్రం అని రాసేవాళ్లు ఈ ముక్క కూడా చెప్పాలి.

సాయంత్రం నాన్నను అడిగాను, పోయిన పుస్తకం నంబరును కొత్త పుస్తకానికి ఇచ్చేవారా అని. “ఎన్నడూ ఇవ్వకూడదు” అన్నారు, కొంచెం కోపంగానే. “బీరువాలో చోటు ఇవ్వవచ్చు. రిజిస్టరు నంబరు మాత్రం ఆ పుస్తకంతోనే పోతుంది. కొట్టివేత అని ఎర్ర సిరాతో రాసి వదిలేస్తాం. లేకపోతే పదేళ్ల కింద ఎవరో తీసుకెళ్లిన పుస్తకం పేరుతో ఈ రోజు ఇంకెవరినో అడగాల్సి వస్తుంది.”

మరునాడు ప్రతి స్థానానికీ ఒక లెక్క జోడించాను, ఆ చోటు విడుదలైన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. బయటికి ఇచ్చే చీటీలో చోటు నంబరూ, ఆ నాటి లెక్కా రెండూ ఉంటాయి. తిరిగి వచ్చినప్పుడు రెండూ కలిస్తేనే లోపలికి. పాత చీటీ తెస్తే ‘ఏమీ లేదు’ అనే సమాధానం. ఈ పద్ధతిని రస్ట్ వాడేవాళ్లు చాలామంది ఎరుగుదురని తరువాత తెలిసింది. నాకు మాత్రం అది ఎర్ర సిరాగానే గుర్తుండిపోయింది.

పదిహేనో అధ్యాయంలో నాకు తెలుగు ఎదురైంది. మూడో కూర్పులో 15-2 అని ఒక లెక్క ఉంది, సహోద్యోగి పుస్తకంలో చూశాను. ఒక పదంలోంచి, వరుస చెడకుండా అక్షరాలు ఎంచుకుని, ఎటు చదివినా ఒకేలా ఉండే అతి పొడుగైన మాటను కనుక్కోవాలి. తెలుగువాళ్లకు ఇంకో ఉదాహరణ ఎందుకు, ‘వికటకవి’ ఇచ్చాను. పదంలో మొదటి అక్షరం ఇమ్మంటే రస్ట్ ఇవ్వదు. బైటు (కంప్యూటరు నిల్వ చేసే ముక్క) కావాలా, యూనికోడ్ సంకేతం (ప్రతి లిపి గుర్తుకూ ఇచ్చిన సంఖ్య) కావాలా తేల్చుకోమంటుంది. వికటకవిలో బైట్లు 21, ఎందుకంటే యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు. సంకేతాలు 7, గుడి గుర్తు విడిగా లెక్కకు వస్తుంది కాబట్టి. మనం పలికే అక్షరాలు 5.

సంకేతాలతో నడిపాను. జవాబు 5 అని వచ్చింది. సరిపోయిందని తరువాతి లెక్కకు వెళ్లబోయి, ఎందుకో ఆ మాటను కూడా ప్రింటు చేయించాను. ‘వకటకవ’. గుడులు రెండూ పోయాయి. ఏడింటిలో ఐదు ఏరుకొచ్చింది, నేను కోరుకున్న ఐదు కాదు. సంకేతాలను వెనక నుంచి చదివితే ముందు గుడి, తరువాత వ వస్తాయి. ఆ లెక్కన వికటకవి అసలు రెండువైపులా ఒకేలా చదవగలిగే మాటే కాదు. జావాలోనూ ఇదే జరుగుతుంది, అక్కడ ఎవరూ ఆపరు, అడగరు. ఆ మాటను ప్రింటు చేయించకపోతే నేనూ అడిగేదాన్ని కాదు.

అక్షరాలుగా విడగొట్టే ఫంక్షన్ సొంతంగా రాసుకున్నాను. అచ్చు గుర్తు, సున్న, విసర్గ వస్తే ముందున్నదానికి చేర్చాలి. పొల్లు వచ్చి ఆపై హల్లు ఉంటే ఆ హల్లునూ అందులోనే కలపాలి. అప్పుడు వికటకవి ఐదుకు ఐదూ నిలబడింది.

దాంతో నాన్న అడిగిన ప్రశ్నకూ దారి దొరికింది. రస్ట్ పదాలను సంకేతాల వరుసలోనే పోలుస్తుంది. యూనికోడ్‌లో ళ, ల పక్కనే, వ కంటే ముందు ఉంది. మన అక్షరమాలలో ళ వచ్చేది హ తరువాత. అందుకే ఆ జాబితాలో కల, కళ, కవి అనే క్రమం వచ్చింది. నాన్న కార్డుల సొరుగులో అది కల, కవి, కళ. నా ఇన్సర్షన్ సార్ట్‌కు పోల్చే పద్ధతిని బయటి నుంచి అందించేలా మార్చి, ళను హ తరువాతకు జరిపే ఒక చిన్న పట్టిక ఇచ్చాను. క్ష సంగతి అడిగితే “దాన్ని క కిందే ఉంచు, నేను అలాగే ఉంచాను” అన్నారు నాన్న.

ఇప్పుడు పదమూడో అధ్యాయానికి వెనక్కి వచ్చాను, రెడ్ బ్లాక్ ట్రీలు, అంటే విలువలను చెట్టు కొమ్మల్లా వరుస చెడకుండా దాచే పద్ధతి. కొమ్మ లేని చోటల్లా గుర్తుగా పుస్తకం వాడే ‘నిల్’ కాపలా నోడు నా అర్రేలో సున్నా స్థానంలో కూర్చుంది. చేర్చడం అయింది, తొలగించడం మిగిలింది. నిన్న కొత్త జాబితా ప్రింటు ఇచ్చాను. నాన్న రెండో పేజీ ముందు తెరిచి, పెన్సిల్ కవి మీద పెట్టి, కిందికి జరిపి, కళ దగ్గర చిన్న టిక్కు పెట్టారు. తరువాత మొదటి పేజీకి వెళ్లి మొత్తం చదవడం మొదలుపెట్టారు.